'లాయల్టీ' నుంచి 'జల ఉష' దాకా

మనలో చాలామందిమి విమానం దిగి ఈ దేశంలో అడుగుపెట్టినవాళ్ళం. పెట్టెలు మాత్రం కొందరివి ఓడ మీద వెనకగా వచ్చాయి. ఆ ఓడ ఎవరిదని మనం అడగలేదు. మన పెద్దలకు అదే పెద్ద ప్రశ్న.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి భారతదేశపు విదేశీ వర్తకమంతా దాదాపుగా పరాయి ఓడల్లోనే నడిచేది. ఆ కంపెనీలు కూటమి కట్టాయి. వారి కిటుకు ఒకటి చెప్పుకోవాలి. వర్తకుడు కట్టిన కిరాయిలో కొంత వాపసు ఇస్తామనేవారు. అయితే వెంటనే కాదు, కొన్ని నెలలు ఆగి. ఈలోగా ఒక్క బస్తా బయటి ఓడలో వేసినా ఆ సొమ్ము గల్లంతే! స్వదేశీ ఓడ చవకగా వస్తానన్నా వర్తకుడికి చెయ్యాడదు. 1906లో చిదంబరం పిళ్ళై తూత్తుకుడిలో పెట్టిన స్వదేశీ కంపెనీ తెల్లవారి పోటీకీ, ప్రభుత్వపు కక్షకూ నిలవలేకపోయింది.

1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ ప్రభృతులు సింధియా కంపెనీ స్థాపించారు. గ్వాలియర్ మహారాజు వద్ద కొన్న 'లాయల్టీ' ఆ ఏడు ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. అది యుద్ధంలో ఆసుపత్రి ఓడ. వైద్యులం కనుక మాకు ఆ సంగతి మీద మక్కువ. కాని వయసు మళ్ళిన ప్రయాణికుల ఓడ, సరకులకు అనువైనది కాదు. 1923లో దాన్ని విడగొట్టేశారు. అదే ఏడు సింధియావారు బ్రిటిషు కంపెనీతో ఒప్పందం చేసుకుని పదేళ్ళపాటు తీరవర్తకానికే పరిమితమయ్యారు. దాన్ని లొంగుబాటన్నవారున్నారు. మాకలా తోచదు. రోగి బతికుంటేనే కదా వైద్యం!

తరువాతి కథ మన విశాఖపట్నానిది. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ గారు అక్కడ సింధియావారి ఓడల కార్ఖానాకు శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, ఊరిమీద జపాను బాంబులు పడ్డాయి. అయినా ప్రయత్నం విడువలేదు. 1948 మార్చి 14న నెహ్రూ గారి చేతులమీదుగా ఎనిమిదివేల టన్నుల 'జల ఉష' నీటిలోకి దిగింది. 1952లో ప్రభుత్వం పెద్ద వాటా తీసుకోగా కార్ఖానా హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. ప్రభుత్వానివే అయిన ఈస్టర్న్, వెస్టర్న్ షిప్పింగ్ కార్పొరేషన్లు కలిసి 1961 అక్టోబరు 2న షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాగా ఏర్పడ్డాయి.

'లాయల్టీ' కదిలిన ఏప్రిల్ 5ను 1964 నుంచి జాతీయ నౌకాదినోత్సవంగా జరుపుతున్నారు. విశాఖలో వైద్యం చదివిన అన్నేళ్ళూ ఆ కార్ఖానా క్రేన్లు మాకు కనబడుతూనే ఉండేవి. ఈ కథ మాత్రం ఇక్కడికి వచ్చాకే చదివాం.