లాంకషైర్ మగ్గాలు మా పెరట్లోకి వచ్చిన దారి

మా పెరటి షెడ్డులో కొత్తగా కొన్నవి ఏమున్నాయని వెతికితే సున్నం, మేకులు, కరెంటు తీగలు తప్ప ఇంకేమీ కనిపించవు. స్తంభాలు పాత రైలు పట్టాల ముక్కలు. దూలాలు మద్రాసు జార్జిటౌన్‌లో ఎవరిదో మిద్దె పడగొట్టినప్పుడు వచ్చిన బర్మా టేకు. పెంకులు ఒక పాత బడి కప్పు నుంచి దించినవి. లోపల ఆడిన మరమగ్గాలు బొంబాయి మిల్లులు వదిలేసినవి. 1980లలో మా నాయన ఒక్కొక్కటే తెచ్చి, కూర్చి, నిలబెట్టాడు. ఈమధ్య తమ్ముడూ నేనూ దానికి కప్పు మళ్లీ వేయించి, గోడలు బాగుచేయించాం. పని జరిగినన్నాళ్లూ నన్ను పట్టుకున్న ఆలోచన ఒకటే. మా తిరుత్తణి సీమలో ఇలాంటి షెడ్లు వీధి వీధినా ఉన్నాయి. వాటిలో ఏ ఇనుము ఎక్కడిదో, ఏ కొయ్య ఎవరి ఇంటిదో తెలిసిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట, పొదటూర్‌పేట, అమ్మయార్‌కుప్పం: ఇవన్నీ నేత ఊళ్లు. మా తాత కాలంలో చిత్తూరు జిల్లాలో ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రంతో పాటు వెళ్లి, సరిహద్దు తగాదాపై పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిశాయి. అటు సత్యవేడు ఆంధ్రకు వెళ్లింది. 1997 నుంచి మాది తిరువళ్లూరు జిల్లా. నగరి, పుత్తూరు అవతల ఉండిపోయాయి గాని నూలు, బేరగాళ్లు, పెళ్లి సంబంధాలు హద్దు చూసి ఆగలేదు. తాత దాచిన నేతగాళ్ల సంఘం కాగితాల్లో సగం తెలుగులో, సగం తమిళంలో ఉన్నాయి. తాత మగ్గం మటుకు నేలలో తవ్విన గుంటలో అదే చోట ఉండిపోయింది.

ఆ గుంట ఎందుకో చెప్పాలి. నూలు పడుగుకు తేమ కావాలి. గాలి ఎండితే పోగులు పుటపుట తెగుతాయి. నేలలోకి దిగి నేస్తే మట్టి చెమ్మ పడుగుకు తగులుతుంది, కాళ్లు గుంటలో ఉంటాయి, ఇల్లు ఎంత పొట్టిదైనా మగ్గం సరిపోతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి సేలంలో ప్రభుత్వ నేత కార్ఖానా పెట్టి, తాడు లాగితే పేక నూలు మోసే నాడె దానంతట అది పరుగెత్తే మగ్గాన్ని సాలెలకు అలవాటు చేయాలని చూశాడు. జాన్ కే ఇంగ్లండులో దాన్ని 1733లోనే కనిపెట్టాడు. తాత నేసింది అలాంటి తాడు మగ్గం మీదే, కూర్చుంది మాత్రం పాత గుంటలోనే. కొత్త పనిముట్టులో తనకు పనికొచ్చినంత తీసుకుని మిగతాది వదిలేయడం మా నేతగాళ్ల పద్ధతి. నాయన షెడ్డు కట్టిన తీరూ అదే.

మరమగ్గాలు ఊళ్లలోకి రావడానికి ఢిల్లీలో చేసిన చట్టాలు కొంత కారణం. స్వాతంత్ర్యం వచ్చాక చేనేతను కాపాడాలని మిల్లులు కొత్త మగ్గాలు పెట్టకుండా కట్టడి చేశారు, మిల్లుగుడ్డ మీద సుంకం వేశారు. చిన్న షెడ్లకు మినహాయింపులు ఇచ్చారు. ఒక దశలో నాలుగు మగ్గాల దాకా సుంకమే లేదు. దాంతో అన్న పేర నాలుగు, తమ్ముడి పేర నాలుగు, వదిన పేర నాలుగుగా షెడ్లు లేచాయి. పది మంది లోపు పనివాళ్లుంటే అప్పటి ఫ్యాక్టరీ చట్టమూ వర్తించేది కాదు. చేనేతకు నీడనిద్దామని వేసిన కంచె వెనక మరమగ్గం పెరిగింది. దీన్ని మోసమని తేలిగ్గా అనేస్తే నేను ఒప్పుకోను. గుంట మగ్గం మీద ఇల్లు గడవని వాళ్లకు ఎదురుగా ఉన్న దారి అదొక్కటే.

ఇక ఇనుము సంగతి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. దాదాపు రెండున్నర లక్షల మంది. చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. పాత మగ్గాలు భివండీ వంటి చోట్లకు చేరి, అక్కడి నుంచి దేశమంతా పాకాయి. భివండీ వలస వెళ్లిన సిరిసిల్ల పద్మశాలీలు తిరిగొస్తూ ఊరికి సాంచాలు, అంటే మరమగ్గాలు, తెచ్చుకున్నదీ ఆ మార్కెట్ నుంచే. మా నాయన కొన్న నాలుగూ ఒక బేరగాడి చేతుల మీదుగా లారీలో వచ్చాయి. విడి భాగాలుగా, గోనెసంచుల్లో, ఏది దేనిదో తెలియకుండా.

ఒకదాని పక్క చట్రం మీద పోత అక్షరాలు ఉన్నాయి. తుప్పు గీకితే బ్లాక్‌బర్న్ అనే ఊరి పేరు బయటపడింది. అది ఉత్తర ఇంగ్లండులో లాంకషైర్ ఊరు. ఒకప్పుడు ఆ ఊరి మిల్లులు ప్రత్యేకంగా మన దేశానికి ధోవతులు నేసి పంపేవి. వాటి దెబ్బకే మన సాలె ఇళ్లు చితికిపోయాయి. విదేశీ వస్త్ర బహిష్కారం మొదలయ్యాక అక్కడి కార్మికులూ వీధిన పడ్డారు. 1931 సెప్టెంబరులో గాంధీ దాని పక్కనే ఉన్న డార్వెన్‌కు వెళ్లి వాళ్లతో మాట్లాడి వచ్చాడు. బ్లాక్‌బర్న్‌లో పోసిన ఇనుము బొంబాయిలో ఒక బతుకు బతికి, మా పెరట్లో ధోవతులు నేసింది. ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ మగ్గాన్ని నిలబెట్టిన మేస్త్రీ బడి ముఖం చూసినవాడు కాదు. ముక్కలన్నీ పెరట్లో పరిచి, రెండు రోజులు ఊరికే చుట్టూ తిరిగాడు. పోత ఇనుము విరిగితే మామూలు వెల్డింగు నిలవదు. అందుకే విరిగిన చట్రానికి రెండు వైపులా పట్టీలు పెట్టి బోల్టులు బిగించాడు. నాడెను కొట్టే కర్రలు సీమవి పోయాయి, తుమ్మ చెక్కతో చేయించాడు. నాడె తగిలే చోట పెట్టే పికర్ దున్నపోతు తోలుది. దాన్ని కొన్నాళ్లు నూనెలో నానబెట్టి గాని బిగించనిచ్చేవాడు కాదు. కాళ్ల కింద లారీ టైరు ముక్కలు పరిచాడు, అదురు నేలకు పోకుండా. నాయన తొందరపెడితే, ‘యాడికి పోతాది నాయుడా, నూరేండ్లు ఆడింది, ఇంగో నాలుగు దినాలు నిలబడుకోనీ’ అన్నాడట. అమ్మ ఇప్పటికీ ఆ మాట ఆయన గొంతుతోనే చెబుతుంది.

షెడ్డు కోసం తాత గుంట పూడ్చాల్సి వచ్చింది. అవ్వ ఒప్పుకోలేదు. చివరికి గుంట పూడిస్తే ముందుగా మా ఇంటి పాత నాటు పెంకుల ముక్కలే పొయ్యాలని పట్టుబట్టింది, అట్లే పోశారు. షెడ్డు స్తంభాలకు రైలు పట్టాలు మాకు దొరకడంలో వింత లేదు. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు తిరువళ్లూరు మీదుగానే నడిచింది. 1871 నాటికి మద్రాసు నుంచి బొంబాయికి దారి కలిసింది, అది తిరుత్తణి మీదుగా పోతుంది. తీసేసిన పట్టాలు వేలంలో కొని ఇళ్లకు స్తంభాలుగా, దూలాలుగా వాడుకోవడం లైను పొడుగునా ఉన్నదే. మంగళూరు పెంకుల నడుమ నాయన నాలుగు గాజు పెంకులు వేయించాడు, సరిగ్గా ఒక్కో మగ్గం పడుగు మీద వెలుతురు పడేట్టు. మిల్లుల రంపపు పళ్ల కప్పులు ఏ పని చేసేవో ఈ నాలుగు పెంకులూ అదే పని చేశాయి. వేసవిలో నేల మీద నీళ్లు చల్లడం పిల్లల వంతు. గుంట పోయినా చెమ్మ అవసరం పోలేదు.

కండెలు చుట్టింది అమ్మ, అవ్వ, నేను. లెక్కల్లో మా పేర్లు ఎప్పుడూ లేవు. నాలుగు మగ్గాలు ఆడుతుంటే మాట వినపడదు, పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లం. అమ్మకు ఇప్పుడు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. షెడ్డు గురించి ఎంత గర్వంగా రాసినా దీన్ని పక్కన పెట్టలేను.

ముఖ్యమంత్రి ఎమ్జీఆర్ 1983లో పేదలకు సంక్రాంతి పండక్కి ధోవతి, చీర ఇచ్చే పథకం పెట్టాక మాలాంటి ఊళ్లకు ఏటా కొన్ని నెలల పని గట్టిగా ఉండేది. 2006 నుంచి మరమగ్గాలకు రెండు నెలలకు 500 యూనిట్ల కరెంటు ఉచితం చేశారు, తర్వాత 750, 2023లో 1000. అయినా నాడె మగ్గం నాడె లేని మగ్గంతో పోటీ పడలేకపోతోంది. ఇంట్లో పిల్లలు శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకు బస్సెక్కుతున్నారు. మగ్గాలు కిలోల లెక్కన పాత ఇనుప కొట్లకు పోతున్నాయి.

బొంబాయి సమ్మె జరిగిన 1982లోనే ఇంగ్లండులో బర్న్‌లీ దగ్గర క్వీన్ స్ట్రీట్ మిల్లు మూతబడింది. 1894లో కట్టినది. ఆవిరి యంత్రంతో నడిచిన మిల్లును వందల మగ్గాలతో సహా ప్రదర్శనశాలగా నిలబెట్టుకున్నారు. వాళ్లు చేసింది మంచి పని. మన దగ్గర అలాంటి మగ్గాలే ఇంకో నలభై ఏళ్లు కూడు పెట్టాయి, విరిగినప్పుడల్లా తుమ్మ చెక్కతో, టైరు ముక్కతో మళ్లీ లేచాయి. ఆ మరమ్మతు పనితనానికి ఒక గది కూడా కేటాయించకపోవడం అన్యాయం అనుకుంటాను.

మేము రెండు మగ్గాలు ఉంచుకున్నాం. ఒకటి ఆడుతోంది, ఇంకొకదానికి పికర్ నూనెలో నానుతోంది. చెదలు పట్టిన ఒక్క దూలాన్ని మార్చి, మిగతా టేకంతా అలాగే ఉంచాం. గాజు పెంకుల్లో పగిలిన దానికి జత తిరువళ్లూరులో పాత సామాను కొట్లో దొరికింది. ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మ చెబుతుంటే ఒక నోటుపుస్తకంలో ఎక్కించాను. మా వీధిలో అమ్మకానికి పెట్టిన మగ్గాల పోత అక్షరాలు, అంకెలు కూడా లారీ వచ్చేలోపు రాసుకున్నాను. వచ్చే వారం ఆర్.కె.పేట వైపు షెడ్లకు వెళ్తున్నాను. అక్కడొక పెద్ద మేస్త్రీ ఉన్నాడని, మంచి జ్ఞాపకం ఉన్న మనిషని చెప్పారు.