ట్రిగ్గర్ బరువు ఎంత? రివాల్వర్ నుంచి రెమింగ్టన్ దాకా ఒక చిన్న ఇనుప ముక్క కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది వేలెడంత ఇనుప ముక్క గురించి. దాని పేరు ట్రిగ్గర్.

మీలో చాలామంది బీజీఎంఐ ఆడతారని నాకు తెలుసు. ఫోన్‌లో ఏ గన్ పట్టుకున్నా ఫైర్ బటన్ ఒక్కటే. వేలు తగిలితే చాలు, పేలుతుంది. అదే గేమ్‌లో ఆర్1895 అని ఒక రివాల్వర్ ఉంటుంది చూడండి, ఏడు రౌండ్లది. ఒక్కొక్క తూటా లోడ్ చేస్తూ కూర్చోవాలి కాబట్టి దాన్ని చూసినా చాలామంది వదిలేసి పోతారు. అదే ఎం24 స్నైపర్ దొరికితే మాత్రం పండగే. తమాషా ఏంటంటే, బయట నిజం ప్రపంచంలో ఈ రెండింటికీ ట్రిగ్గర్ విషయంలో పెద్ద కథే ఉంది. మొదటిదాని మీద ఫిర్యాదు, ఎంత నొక్కినా కదలదని. రెండోది ఏ రైఫిల్ నుంచి పుట్టిందో ఆ రైఫిల్ మీద ఫిర్యాదు, నొక్కకపోయినా పేలిందని.

కథలోకి వెళ్ళే ముందు ట్రిగ్గర్ ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. తుపాకీ లోపల ఒక బలమైన స్ప్రింగ్ ఉంటుంది. తూటా వెనక భాగాన్ని గట్టిగా కొట్టే శక్తి దానిదే. ఆ స్ప్రింగ్ ముందుకు దూకకుండా ఒక చిన్న గడియ పట్టి ఉంచుతుంది. ఆ గడియని సియర్ అంటారు. ట్రిగ్గర్ నొక్కితే గడియ జారుతుంది, స్ప్రింగ్ వదులుతుంది, తూటా పేలుతుంది. అంతే. మన ఇంటి తలుపు గడియ ఉంది కదా, అది రంధ్రంలోకి లోతుగా వెళితే తీయడం కష్టం, కానీ తలుపు గట్టిగా ఉంటుంది. అంచు మీద మాత్రమే ఆనితే తీయడం సులువు, కానీ గాలికి కూడా ఊడిపోవచ్చు. ట్రిగ్గర్‌లోనూ అదే లెక్క. బరువుగా చేస్తే అనుకోకుండా పేలదు, కానీ నొక్కేటప్పుడు చెయ్యి కదిలి గురి తప్పుతుంది. తేలికగా చేస్తే గురి బాగుంటుంది, కానీ చిన్న కుదుపుకో, లోపల చేరిన మురికికో గడియ జారిపోయే ప్రమాదం ఉంటుంది.

ఎంత బరువు సరైనది? ఒక కొలత చెప్తాను. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్ పోటీలో, ట్రిగ్గర్ కనీసం 1,000 గ్రాములు ఉండాలని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య రూలు. పోటీలో తూకం పెట్టి చూస్తారు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి 500 గ్రాములు చాలు. ఈ 1 కిలో అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు రష్యా వెళ్దాం. 1895లో జార్ సైన్యం ఒక రివాల్వర్‌ని తీసుకుంది. డిజైన్ చేసింది బెల్జియంకి చెందిన లియోన్ నాగాంట్. అందుకే దాని పేరు నాగాంట్ ఎం1895. గేమ్‌లో మీరు వదిలేసి పోయే ఆర్1895 ఇదే. మామూలు రివాల్వర్‌లో తిరిగే సిలిండర్‌కీ, ముందున్న గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. పేలినప్పుడు కొంత గ్యాస్ అక్కడి నుంచి బయటికి పోతుంది. నాగాంట్‌లో ఆ సందు మూసుకుపోతుంది. ట్రిగ్గర్ నొక్కగానే సిలిండర్ మొత్తం ముందుకు జరిగి గొట్టానికి అతుక్కుంటుంది. ఐడియా బ్రహ్మాండం. కానీ ఆ జరిపే పనంతా ఎవరు చేయాలి? మీ చూపుడు వేలు. సిలిండర్‌ని తిప్పాలి, ముందుకు తోయాలి, హ్యామర్‌ని వెనక్కి లాగాలి. అన్నీ ఒక్క వేలే. దాంతో ట్రిగ్గర్ బరువు సుమారు 9 కిలోలకు చేరింది. మన ఇంటికొచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్‌లో సగం నీళ్ళు పోసి ఒక్క వేలికి తగిలించుకున్నట్టు ఊహించుకోండి. తుపాకీ మొత్తం బరువే ఒక కిలో ఉండదు!

ఇక్కడ నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకో విషయం. జార్ కాలంలో ఈ రివాల్వర్‌ని రెండు రకాలుగా చేశారు. ఆఫీసర్ల రకంలో ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. మామూలు సైనికుల రకంలో ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగితేనే పేలుతుంది. ఎందుకూ అంటే, సైనికుడు కంగారులో తూటాలు వృథా చేస్తాడని భయం. అంటే ఎవరి మీద ఎంత నమ్మకం ఉందో తుపాకీ లోపలే రాసి పెట్టేశారన్నమాట. విప్లవం తర్వాత సైనికుల రకం ఆగిపోయింది, ఆఫీసర్ల రకమే మిగిలింది.

సోవియట్ యూనియన్ కూలిపోయాక ఈ పాత రివాల్వర్లు అమెరికా మార్కెట్‌లోకి చవగ్గా వచ్చాయి. కొన్నవాళ్ళందరికీ ఒకటే తలనొప్పి, ట్రిగ్గర్. చాలామంది పాత జార్ సైనికుడి పద్ధతే పట్టుకున్నారు. హ్యామర్‌ని బొటనవేలితో లాగి, ఆ తర్వాతే కాల్చడం. కొందరు స్ప్రింగ్‌ని బలహీనం చేసి చూశారు. ట్రిగ్గర్ తేలికైంది, కానీ హ్యామర్ దెబ్బ కూడా తగ్గిపోయింది. టక్ మని చప్పుడు, తూటా మాత్రం పేలదు. ఒక చోట తగ్గించిన బరువు ఇంకో చోట లెక్క అడుగుతుంది.

ఇది పాత కాలం సంగతి కదా అనుకోకండి. న్యూయార్క్ పోలీసుల దగ్గరకొద్దాం. 1993 దాకా వాళ్ళు ప్రధానంగా రివాల్వర్లే వాడారు, బరువైన ట్రిగ్గర్‌కి అలవాటుపడ్డారు. తర్వాత గ్లాక్ లాంటి పిస్టల్స్ వచ్చాయి. మామూలు గ్లాక్ ట్రిగ్గర్ సుమారు 2.5 కిలోలు. అంత తేలికైతే పోలీసుల చేతిలో పొరపాటున పేలుతుందని భయపడి డిపార్ట్‌మెంట్ దాన్ని సుమారు 5.4 కిలోలకు పెంచింది. దానికి న్యూయార్క్ ట్రిగ్గర్ అనే పేరే పడిపోయింది. మన పోటీల కొలతకి ఐదు రెట్లు.

2012 ఆగస్టు 24న ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ముందు, అప్పుడే తన పాత సహోద్యోగిని చంపిన ఒకడు ఇద్దరు పోలీసులకు ఎదురుపడ్డాడు. ఇద్దరూ కలిపి 16 రౌండ్లు కాల్చారు. హంతకుడు చనిపోయాడు. కానీ రోడ్డు మీదున్న 9 మంది మామూలు జనం గాయపడ్డారు. ఆ గాయాలన్నీ పోలీసుల తూటాలవీ, వాటి ముక్కలవీ. ట్రిగ్గర్ ఒక్కటే కారణమని నేను అనను. ప్రాణభయం, జనం, శిక్షణ, అన్నీ ఉంటాయి. కానీ ఇంత బరువైన ట్రిగ్గర్‌తో గురి కుదురుతుందా అనే ప్రశ్న అప్పుడు గట్టిగా లేచింది.

సరే, గురి తప్పినా పొరపాటున పేలడం అయితే ఆగింది కదా అంటారా? 2014 నవంబర్ 20 రాత్రి బ్రూక్లిన్‌లోని ఒక ప్రభుత్వ అపార్ట్‌మెంట్, లైటు లేని మెట్లదారి. కొత్తగా చేరిన ఒక పోలీసు తుపాకీ చేత్తో పట్టుకుని తలుపు తోశాడు. తుపాకీ పేలింది. తూటా గోడకి తగిలి, కింది అంతస్తులో మెట్లు దిగుతున్న 28 ఏళ్ళ యువకుడి గుండెలో దిగింది. అతని చేతిలో ఏ ఆయుధం లేదు. కోర్టులో ఆ పోలీసు తన వేలు ట్రిగ్గర్ మీద లేదన్నాడు. జ్యూరీ సభ్యులు ఆ తుపాకీ తెప్పించుకుని ట్రిగ్గర్ స్వయంగా నొక్కి చూశారు. అంత గట్టి ట్రిగ్గర్ దానంతటది కదలదని తేల్చి, 2016లో దోషి అన్నారు. తర్వాత జడ్జి నేరం తీవ్రత తగ్గించి జైలు లేకుండా ప్రొబేషన్ వేశారు. చూడండి, ఏ ప్రమాదం ఆపడానికి ట్రిగ్గర్ బరువు పెంచారో, ఆ ప్రమాదం జరిగింది. ఆ బరువు చివరికి పనికొచ్చింది కోర్టులో సాక్ష్యంగా మాత్రమే. 2021లో అదే డిపార్ట్‌మెంట్ కొత్త రిక్రూట్లకు తేలికైన ట్రిగ్గర్ ఇవ్వడానికి సిద్ధమైంది.

ఇప్పుడు అసలు కథ. నా దృష్టిలో ఘోరమైన ట్రిగ్గర్ అంటే బరువైనది కాదు, ఇది. అమెరికాలో రెమింగ్టన్ 700 అని చాలా పేరున్న రైఫిల్, 1962లో వచ్చింది. మీ గేమ్‌లోని ఎం24 దీని మీదే కట్టింది. దీని ట్రిగ్గర్ డిజైన్ అంతకంటే పాతది, 1940ల నాటిది. చేసింది మైక్ వాకర్ అనే ఇంజనీర్. తేలిక, స్పష్టత, వేలికి హాయి. వేటగాళ్ళు తెగ మెచ్చుకున్నారు. ఆ హాయికి కారణం లోపల ట్రిగ్గర్‌కి బిగించకుండా వదిలిన ఒక చిన్న ముక్క, కనెక్టర్. గొడవ కూడా దానితోనే. ఆ సందులో మురికో, తుప్పో చేరితే కనెక్టర్ తన చోటికి తిరిగి రాకపోవచ్చు. అప్పుడు గడియకి కింద ఆధారం ఉండదు. సేఫ్టీ తీసినా, బోల్ట్ కదిపినా పేలవచ్చని ఆరోపణ.

ఈ ప్రమాదం గురించి 1946లోనే కంపెనీకి రాసింది ఎవరో తెలుసా? వాకరే. 1948లో పరిష్కారం కూడా చూపించాడు. ఖర్చు ఒక్కో తుపాకీకి ఐదున్నర సెంట్లు. కంపెనీ వద్దంది. తర్వాత దశాబ్దాల పాటు కేసులు వచ్చాయి. కంపెనీ మాత్రం, తుపాకీ సురక్షితమే, సరిగ్గా చూసుకోకపోవడం, విప్పి కెలకడం వల్లే ప్రమాదాలని చెబుతూ వచ్చింది. 2000 అక్టోబర్‌లో మోంటానాలో ఒక కుటుంబం వేటకి వెళ్ళింది. తూటాలు తీసేద్దామని తల్లి సేఫ్టీ తీసింది, అంతే, రైఫిల్ పేలింది. తూటా గుర్రాల ట్రైలర్ లోంచి దూసుకెళ్ళి అవతల ఉన్న ఆమె 9 ఏళ్ళ కొడుకుని చంపేసింది. ఆ తండ్రి ఏళ్ళ తరబడి కంపెనీ కాగితాలు వెతికి బయటపెడుతూ పోరాడాడు.

ఇదే సమయంలో మిగతా కంపెనీలు ఏం చేశాయి? కోర్టు కేసుల భయంతో ట్రిగ్గర్లు బరువు పెంచేశాయి. అమెరికాలో వాటికి వెటకారంగా లాయర్ ట్రిగ్గర్ అని పేరు. కొన్నవాళ్ళు కొత్త రైఫిల్ ఇంటికి తెచ్చి, ఫ్యాక్టరీ ట్రిగ్గర్ పీకేసి, టిమ్నీ లాంటి కంపెనీల ట్రిగ్గర్ పెట్టించుకునేవాళ్ళు. ఫోన్ కొనగానే బాక్స్‌లో వచ్చిన ఇయర్‌ఫోన్స్ పక్కన పడేసినట్టు. చివరికి 2002లో శావేజ్ కంపెనీ ఆక్యుట్రిగ్గర్ తెచ్చింది. ట్రిగ్గర్ మధ్యలో ఒక సన్నని బ్లేడు ఉంటుంది. వేలు ఆ బ్లేడుని నొక్కకుండా గడియ జారితే, అడ్డుపడి ఆపేస్తుంది. తేలికగానూ ఉంది, భద్రంగానూ ఉంది. మిగతా కంపెనీలు కూడా ఆ దారి పట్టాయి. అంటే రెండూ కుదిరే మార్గం ముందు నుంచీ ఉంది, మనసు పెట్టి చేసేవాళ్ళు కావాలి.

రెమింగ్టన్ కేసు చివరికి ఒప్పందంతో ముగిసింది. తప్పు ఒప్పుకోలేదు కానీ, సుమారు 75 లక్షల తుపాకులకు ట్రిగ్గర్ మార్పిడి లాంటి పరిహారం ఇస్తామంది. 2017లో కోర్టు ఆమోదించే నాటికి ఎంతమంది అడిగారో తెలుసా? సుమారు 22,000 మంది. వెయ్యికి ముగ్గురు. మిగతావాళ్ళలో చాలామంది బీరువాల్లో అదే ట్రిగ్గర్, వేలికి హాయిగా ఉండే అదే ట్రిగ్గర్.

నాకు ఇందులో కనిపించేది ఇది. జార్ సైన్యం తూటాల ఖర్చుకి భయపడింది. న్యూయార్క్ డిపార్ట్‌మెంట్ తన పోలీసు వేలికి భయపడింది. కంపెనీలు లాయర్లకు భయపడ్డాయి. కొన్నవాళ్ళు స్ప్రింగులు, విడిభాగాలు మార్చుకుంటూ సర్దుకుపోయారు. మెట్లు దిగుతున్న ఆ కుర్రాడు, ట్రైలర్ అవతల ఉన్న ఆ పిల్లాడు మాత్రం ఎవరి లెక్కలోనూ లేరు. అందుకే షూటింగ్ నేర్పే ఎవరైనా మొదటి రోజు చెప్పే పాఠం ట్రిగ్గర్ గురించి ఉండదు. కాల్చాలని నిర్ణయించుకునే దాకా వేలు బయట, గొట్టం ఎప్పుడూ మనుషులు లేని వైపు. ఆ రెండో సగం ఏ ఫ్యాక్టరీ బిగించి ఇవ్వలేదు.

ఈసారి గేమ్‌లో ఆర్1895 కనిపిస్తే, ఆ 9 కిలోలు ఒక్కసారి గుర్తు చేసుకోండి.