పంక్తిభోజనం చాలదు

జనగామ ప్రాంతపు కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అప్పటినుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటాన్ని మా బచ్చన్నపేట పిల్లలకు ఎన్నోమార్లు బోధించాను. దళాలలో కులభేదం లేక అందరూ కలసి భుజించేవారని చెప్పేటప్పుడు నా గొంతులో గర్వం పలికేది.

1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను చాలా ఆలస్యంగా చదివాను. అందులో కమలమ్మ తన కథ చెప్పుకొన్నది. అడవిలో పసికందు ఏడిస్తే శత్రువుకు జాడ తెలిసిపోతుంది. బిడ్డనైనా విడవాలి, దళాన్నైనా విడవాలి. ఆమె బిడ్డను ఇచ్చివేసింది.

నాటి ఆపద నిజమే. తీరుబడిగా కూర్చొని వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ పుటల వద్ద నాకు నా తప్పే గుర్తుకు వచ్చింది.

1990లలో సాక్షరతా ఉద్యమం సాగుతున్న రోజులవి. మా కార్యకర్తల శిబిరానికి ఒక అమ్మాయి చంటిబిడ్డతో వచ్చింది. “నీకెందుకమ్మా ఈ శ్రమ, ఇంటికి పో” అని నేనే పంపివేశాను. దయ చూపాననుకొన్నాను. మాకు అడవీ లేదు, తరిమే సైన్యమూ లేదు. కావలసినదల్లా ఒక ఉయ్యాల, బిడ్డను కనిపెట్టుకొని ఉండే ఒక మనిషి. ఆ అమ్మాయి మరల రాలేదు.

ఒకే పంక్తిని కూర్చుండబెట్టడం గొప్పదే, కాని అది చాలదు. గెంటివేయడం ఒక్కటే వివక్ష కాదు. నిలువడానికి వీలు కల్పించకపోవడమూ వివక్షయే. శిబిరాలు నడిపే యువమిత్రులారా, పొయ్యి వెలిగించకముందే ఎవరు రాలేకపోతున్నారో, ఎందుకు రాలేకపోతున్నారో విచారించండి. నేను విచారించలేదు.