ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్ర పరిశోధన

మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా తర్వాత తెలుగునేల మీద వెలసిన రెండో విశ్వవిద్యాలయం. మొదట బెజవాడలో ఉండి, 1930లో విశాఖపట్నం వాల్తేరుకు చేరింది. స్ఫటిక భౌతికశాస్త్రం, వర్ణపట శాస్త్రం, మొక్కల రసాయనం, సముద్రశాస్త్రం ఇక్కడ బలంగా పెరిగాయి. వీటిలో పేరు తెచ్చిన పని చాలావరకు 1930ల నుంచి 1960ల నడిమి దాకా జరిగింది. ఖరీదైన యంత్రాలు లేని రోజులవి. కాగితం మీద తేలే లెక్కలనో, కళ్ల ముందున్న సముద్రాన్నీ ఇసుకనూ చెట్లనూ పట్టుకునో పనిచేసినవాళ్లే ఎక్కువ దూరం వెళ్లారు.

తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన తర్వాత 1931 నుంచి 1936 వరకు ఆ పదవిలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ కాలంలో సైన్సు విభాగాలు రూపు కట్టాయి. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళంతో ఆదుకోవడం వల్ల సైన్సు, టెక్నాలజీ కళాశాల నిలబడింది. దానికి ఆయన పేరే పెట్టారు. తత్త్వశాస్త్ర ఆచార్యుడైన రాధాకృష్ణన్ సైన్సు విభాగాలకు ఏరికోరి యువకులను తెచ్చుకున్నారు. విశ్వవిద్యాలయానికి ఆయన చేసిన మేళ్లలో దీన్నే ముందు చెప్పుకోవాలి.

ఆ యువకుల్లో సూరి భగవంతం ఒకరు. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి, కాంతి కణానికి ఆత్మభ్రమణం ఉందని చూపే ప్రయోగంలో ఆయనతో పాలుపంచుకుని, 1932లో వాల్తేరు వచ్చారు. రామన్ ఫలితం మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1940లో విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. అయితే అంతకంటే లోతైన పని స్ఫటికాల సౌష్ఠవం మీద జరిగింది. స్ఫటికంలో అణువులు ఎన్ని విధాలుగా కంపించగలవో, వాటిలో ఏ కంపనాలు రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో ప్రయోగానికి ముందే తేల్చి చెప్పే పద్ధతిని, గణితంలోని సమూహ సిద్ధాంతం ఆధారంగా భగవంతం, టి. వెంకటరాయుడు 1939లో ప్రకటించారు. స్ఫటికాల వర్ణపటాలు చదివేవారు ఇప్పటికీ ఆ పద్ధతిని వారిద్దరి పేర్లతోనే వ్యవహరిస్తారు.

1942 నాటి మరో పని అంత ప్రచారానికి నోచుకోలేదు కానీ, తర్కపు అందంలో దేనికీ తీసిపోదు. స్ఫటికాన్ని నొక్కితే దానిలోంచి పోయే కాంతి తీరు మారుతుంది. ఆ మార్పును వర్ణించడానికి ఏ తరగతి స్ఫటికానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పట్టిక కట్టి ఇచ్చాడు. ప్రపంచమంతా దాన్నే నమ్మింది. సమూహ సిద్ధాంతంతో లెక్క వేసి చూసిన భగవంతం కొన్ని తరగతుల విషయంలో ఆ పట్టిక తప్పని తేల్చారు. ఘన వ్యవస్థలోని కొన్ని స్ఫటికాలకు మూడు స్థిరాంకాలు చాలవు, నాలుగు కావాలి. తర్వాత డి. సూర్యనారాయణతో కలిసి బేరియం నైట్రేట్ స్ఫటికం మీద ప్రయోగం చేసి ఈ మాట నిజమేనని చూపారు. భగవంతం, వెంకటరాయుడు కలిసి రాసిన సమూహ సిద్ధాంత గ్రంథం 1948లో వాల్తేరులోనే అచ్చయింది. 1959లో మాస్కోలో రష్యన్ అనువాదం వచ్చింది, 1969లో అకడమిక్ ప్రెస్ దాన్ని మళ్లీ ప్రచురించింది. తెలుగునాట అచ్చయిన సైన్సు పుస్తకాల్లో ఇంత దూరం ప్రయాణించినవి అరుదు. భగవంతం తర్వాత ఉస్మానియా ఉపకులపతిగా, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా, రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారుగా పనిచేశారు.

అదే విభాగంలో కె. రంగధామరావు మరో దారి వేశారు. బరంపురంలో పుట్టి, లండన్‌లో ఫౌలర్ దగ్గర శిక్షణ పొందిన ఆయన, ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువుల వర్ణపటాలను విశ్లేషించేవారు. 1950ల్లో మైక్రోవేవ్ వర్ణపటాలను, కేంద్రక చతుర్ధ్రువ అనునాదాన్ని చేపట్టారు. భారత జాతీయ సైన్స్ అకాడమీ ఆయన పేరిట వర్ణపట శాస్త్రంలో స్మారకోపన్యాస పురస్కారం నెలకొల్పింది.

గణిత విభాగం చిన్నది. వి. రామస్వామి 1934లో రీమాన్ జీటా ప్రమేయం మీద, 1949లో పెద్ద ప్రధాన కారణాంకాలు లేని సంఖ్యల లెక్క మీద రాసిన వ్యాసాలు సంఖ్యా సిద్ధాంత చరిత్రలో నిలిచాయి. రెండోది అప్పట్లో కేవలం ముచ్చట కోసం వేసుకునే లెక్కలా కనిపించి ఉంటుంది. ఒక హద్దు లోపల అలాంటి సంఖ్యలు ఎన్ని ఉంటాయన్న ఆ ప్రశ్నే, పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడానికి కంప్యూటర్‌కు ఎంత సేపు పడుతుందో అంచనా వేయడంలో ఇప్పుడు కీలకం. రహస్య సంకేతాల భద్రత ఆ అంచనా మీద ఆధారపడి ఉంది. 1940లో ఇక్కడే గణితంలో ఎం.ఏ. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడైన సి.ఆర్. రావు, పరిశోధక వేతనానికి పెట్టుకున్న దరఖాస్తు గడువు దాటి అందిందని తిరస్కారానికి గురై కలకత్తా వెళ్లారు. 1945లో గణాంకశాస్త్రాన్ని మలుపు తిప్పిన వ్యాసం అక్కడ రాశారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది కన్నుమూశారు. ఆ దరఖాస్తు వేళకు అంది ఉంటే ఏమయ్యేదో ఊహించడం సరదాయే గానీ, గణాంకవేత్త మహలనోబిస్ చుట్టూ కలకత్తాలో ఉన్నటువంటి బృందం వాల్తేరులో లేదు.

రసాయనశాస్త్రంలో 1933లో చేరిన టి.ఆర్. శేషాద్రిది పెద్ద చేయి. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ శిష్యుడు. ఆయన బృందం ముట్టుకున్నవన్నీ ఊళ్లో దొరికేవే: పత్తి పువ్వు రంగులు, ఎర్రగోంగూర పూల నుంచి వేరుచేసిన హైబిసిట్రిన్, కానుగ నూనెలోని కరంజిన్, పొంగమాల్. ఫ్లేవనాయిడ్లు అనే ఈ పదార్థాల నిర్మాణం ఏమిటో, మొక్క వాటిని ఏ క్రమంలో తయారుచేసుకుంటుందో ఆయన వివరించారు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడ ఇదే పద్ధతిని పెంచి, 1960లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. వాల్తేరులో ఎల్. రామచంద్రరావు ఆ బాటను కొనసాగించారు. కామెర్లకు పల్లెల్లో వాడే నేల ఉసిరిలోని ఫిల్లాంథిన్ అనే పదార్థపు నిర్మాణాన్ని 1960ల్లో ఆయన బృందం తేల్చింది. ఆ మొక్క మీద పరిశోధన చేసేవారు ఆ పనిని తరచు పేర్కొంటారు.

జి. గోపాలరావు పని పూర్తిగా వేరు. ఆయన విశ్లేషణ రసాయనవేత్త, టైట్రేషన్ల మనిషి. గాఢ ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఫెర్రస్ ఇనుముకు క్షయకరణ శక్తి బాగా పెరుగుతుందని గుర్తించి, దానితో మామూలు గది ఉష్ణోగ్రత దగ్గరే యురేనియాన్ని కొలిచే పద్ధతిని ఎస్.ఆర్. శాగితో కలిసి 1962లో ప్రకటించారు. అణు ఇంధన ప్రయోగశాలల్లో ప్రామాణికంగా నిలిచిన బ్రిటిష్ డేవిస్–గ్రే పద్ధతి 1964లో వచ్చింది. దాని మూలంలో ఉన్నదీ ఈ రసాయన గుణమే.

1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయి, యుద్ధం ముగిశాక తిరిగొచ్చింది. పరిశోధన కుంటుపడింది గానీ ఆగలేదు.

భూగర్భశాస్త్రానికి ఆచార్యుడిగా వచ్చిన సి. మహదేవన్ కూడా ఒకప్పుడు రామన్ దగ్గర పనిచేసినవారే. తూర్పు కనుమల రాళ్లతో పాటు విశాఖ తీరపు నల్ల ఇసుకలోని మోనజైట్ ఆయన దృష్టిని లాగింది. అక్కడినుంచి ఆయన చూపు సముద్రం మీదికి మళ్లింది. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అతిథి ఆచార్యుడిగా వచ్చాక ఆ ఆసక్తి కార్యక్రమంగా మారింది. నౌకాదళం ఓడలు ఇచ్చింది, విద్యార్థులు వాటిమీద వెళ్లి నీటి ఉష్ణోగ్రత, లవణీయత, అడుగు మట్టి కొలిచారు. వసంతంలో నైరుతి నుంచి తీరం వెంబడి వీచే గాలి పైనీటిని లోపలి సముద్రానికి నెట్టడంతో, అడుగునున్న చల్లని, పోషకాలున్న నీరు ఒడ్డు దగ్గర పైకి ఉబుకుతుందని, శరత్కాలంలో ఇది తిరగబడుతుందని తేలింది. చేపల రాకపోకలకు ఇది ముఖ్యం. ఫలితాలు విశ్వవిద్యాలయ సముద్రశాస్త్ర సంపుటాలుగా 1954, 1958ల్లో వచ్చాయి. తీరానికి ఎదురుగా బంగాళాఖాతపు వాలులో కనిపెట్టిన లోయలను వివరిస్తూ లాఫాండ్ 1964లో రాసిన వ్యాసంలో ఒకదాని పేరు ఆంధ్ర, మరొకదాని పేరు మహదేవన్. జంతుశాస్త్రంలో పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు వాల్తేరు ఇసుక రేణువుల సందుల్లో బతికే సూక్ష్మ జంతువులను పట్టి వర్ణించారు. ఈ తీరంలో చదివిన వి.వి.ఆర్. వరదాచారి తర్వాత గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థకు సంచాలకుడయ్యారు.

కేంద్రక భౌతిక విభాగానిది విచిత్రమైన పుట్టుక. పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. తర్వాత ప్రాగ్‌లో ఎక్స్-కిరణాల మీద డాక్టరేటు చేసి, 1947లో అత్యధిక శూన్యం మీద పాఠ్యగ్రంథం ప్రచురించారు. 1950ల్లో వాల్తేరు వచ్చి ఆ విభాగాన్ని స్థాపించారు. ప్రయోగశాలలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

1960ల తర్వాత ఊపు తగ్గడానికి ఒక్క కారణం చెప్పలేం. హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాలలు పెరిగాయి, మంచి శిష్యులు అక్కడికి పోయారు. శ్రీవేంకటేశ్వర, నాగార్జున విశ్వవిద్యాలయాలు పుట్టడంతో పరిధి తగ్గినా, అనుబంధ కళాశాలల పరీక్షల భారం మాత్రం మిగిలింది. దానికి తోడు, యంత్రం లేనిదే భౌతికశాస్త్రం సాగని రోజులొచ్చాయి. అయానావరణాన్ని పరిశోధించిన బి. రామచంద్రరావు లాంటివారు ఆ రోజుల్లోనూ పేరు నిలిపారు. ఇప్పటి ర్యాంకుల పద్ధతులు ఇటీవలి ఏళ్ల వ్యాసాలను, వాటికి వచ్చిన ఉల్లేఖనాలనే లెక్కిస్తాయి. తొలి తరం పని ఎక్కువగా 1934లో రామన్ బెంగళూరులో మొదలుపెట్టిన భారతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో దశాబ్దాల కిందటే వచ్చింది కాబట్టి ఆ లెక్కలోకి రాదు. శేషాద్రి, భగవంతం, సి.ఆర్. రావు తమ పేరు మోగే నాటికి వేరే చోట్ల ఉన్నారు కాబట్టి, వారి కీర్తిలో వాల్తేరు వాటా ఏ పట్టికలోనూ కనిపించదు.