దారం కోసం పుట్టిన ఏసీ

ఈ వారం ఎపిసోడ్ డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ళ కోసం ఆ కథ ఇక్కడ రాసి పెడుతున్నాం.

జూలైలో మోరిస్‌విల్‌లో బయట ఉక్కపోత. లోపల మనవాళ్ళు కుర్చీకి స్వెటర్ తగిలించుకుని మరీ పనిచేస్తుంటారు. ఇంత చలి ఎవరి కోసం?

'ఎయిర్ కండిషనింగ్' అనే మాట పుట్టింది మన నార్త్ కరోలినాలోనే. షార్లెట్‌లో నూలు మిల్లుల ఇంజినీరు స్టూవర్ట్ క్రామర్ 1906లో ఆ పేరు పెట్టారు. గాలి పొడిబారితే పత్తి దారం పుటుక్కున తెగుతుంది, అందుకని మిల్లులో గాలికి తేమ పట్టించేవారు. 1902లో బ్రూక్లిన్‌లో విల్లిస్ క్యారియర్ యంత్రం పెట్టింది ప్రింటింగ్ ప్రెస్ కోసం. తేమకి కాగితం సాగి, రంగులు పక్కకి జరిగిపోతున్నాయట. అంటే ఒకచోట దారం, ఇంకోచోట కాగితం. మనిషి లెక్కలో లేడు.

పాత మిల్లులకి ఎత్తైన కప్పులు, గోడ నిండా కిటికీలు ఉండేవి. వెలుతురు, గాలి అక్కణ్ణించే. తేమ బయటికి పోకూడదని ఆ కిటికీలు మూసేశారు. తర్వాత చాలాచోట్ల ఇటుకలతో పూడ్చేశారు కూడా. ఆ ఉక్కలో, పత్తి దుమ్ములో నిలబడింది కూలీలు. ఆ దుమ్ము తెచ్చిన ఊపిరితిత్తుల జబ్బుకి ఇక్కడ 'బ్రౌన్ లంగ్' అని పేరు. దారం తెగలేదు గానీ, మనిషి ఊపిరి తెగింది.

తెరవని కిటికీల అలవాటు తర్వాత ఆఫీసులకీ పాకింది. దీనికి వేరే దారి లేదా అంటే, ఉంది. మన హైదరాబాద్‌లోనే ఉంది.

హైటెక్ సిటీ దగ్గర సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. మధ్యలో మన మండువా ఇంటిలాగా ఖాళీ వాకిలి, జాలీ గోడలు, కప్పు మీద తోట. అక్కడా ఏసీ ఉంది. కాకపోతే గాలి ముందు రెండు గాలి గోపురాల్లో చల్లబడి, ఆ తర్వాతే ఏసీకి చేరుతుంది. యంత్రానికి కొంత బరువు బిల్డింగే దించేస్తుందన్నమాట. ఇక్కడి లీడ్ ప్లాటినం గుర్తింపు అమెరికా బయట మొదట దక్కింది ఈ బిల్డింగుకే.

మండువా కట్టినవాళ్ళు ముందు ఆలోచించింది ఇంట్లో ఉండే మనిషి గురించి. రేపు మీ ఆఫీసులోనో, ఫ్యాక్టరీలోనో ఒక్కసారి చుట్టూ చూడండి. అక్కడి చల్లదనం మీ కోసమా, మెషీన్ కోసమా? మాకు చెప్పండి.

ఉంటాం మరి.