పాలిచ్చు తల్లులకు ప్రొజెస్టిన్ గర్భనిరోధకములు

ఈస్ట్రోజెన్ లేకుండ, స్త్రీ శరీరమందు సహజముగా జనించు ప్రొజెస్టిరోన్‌ను పోలిన కృత్రిమ హార్మోనుతోడనే పనిచేయు సాధనములకు ప్రొజెస్టిన్ గర్భనిరోధకములని పేరు. లెవొనార్‌జెస్ట్రెల్, నోరెథిస్టిరోన్, డెసొజెస్ట్రెల్ మాత్రలును, మూడు నెలల కొకమాఱు ఇచ్చు డి.ఎం.పి.ఎ. సూదియు, దండచేతి చర్మము క్రింద అమర్చు ఇంప్లాంటును, హార్మోను విడుదల చేయు గర్భాశయ సాధనమును ఈ వర్గములోనివి. ఇవి గర్భాశయ ముఖమందలి జిగురును చిక్కపఱచి వీర్యకణములకు దారి మూయును. సూది, ఇంప్లాంటు, డెసొజెస్ట్రెల్ మాత్ర అండము విడుదల యగుటను సైతము నిలుపును.

బాలింతకు ఇవి అనుకూలమగుటకు కారణము ఈస్ట్రోజెన్ లేకపోవుటయే. ఈస్ట్రోజెన్ పాలను తగ్గింపవచ్చును. ప్రసవమైన తొలి వారములలో సిరలయందు నెత్తురు గడ్డకట్టు ప్రమాదమును పెంచును. కావుననే ప్రభుత్వము ఉచితముగా పంచు మాలా-ఎన్ వంటి మిశ్రమ మాత్రలు, బిడ్డకు ఆఱు నెలలు నిండువఱకు పాలిచ్చు తల్లికి తగవు. ప్రొజెస్టిన్ చనుబాలలోనికి దిగునది అత్యల్పము. దానివలన పాలు తగ్గినట్లు గాని, బిడ్డ యెదుగుదల కుంటుపడినట్లు గాని పరిశోధనలలో తేలలేదు. ఐనను ఒక సందేహము మిగిలియున్నది. మాయ వెలువడగనే తల్లి నెత్తుట ప్రొజెస్టిరోన్ హఠాత్తుగా పడిపోవుటయే పాలు పడుటకు మూలము గనుక, ఆ తొలి దినములలో అట్టి హార్మోనునే మరల ఎక్కించుట ఉచితమా అని వైద్యులు శంకించిరి. 2015 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకములు మాత్రలను, ఇంప్లాంటును ఆఱు వారములకు ముందును సాధారణముగా అనుమతించి, సూదిని మాత్రము ఆఱు వారములు దాటనిమ్మన్నవి.

చనుబాలే కొంతకాలము గర్భమును నిరోధించుననుట నిజమే. బిడ్డ ఆఱు నెలల లోపుదై, రాత్రింబవళ్లు తల్లిపాలే త్రాగుచు, తల్లికి నెలసరి మరల రాకయున్నచో గర్భము నిలుచు అవకాశము నూటికి రెండుకు మించదు. మూడింటిలో ఏ యొక్కటి తప్పినను ఆ రక్షణ చెడును. నెలసరి కనబడుటకు ముందే అండము విడుదల కావచ్చును గనుక, మైల చూచిన పిమ్మట చూచుకొందమనుకొను స్త్రీ ఒక్కొక్కప్పుడు నెల తప్పియే తెలిసికొనును.

ఏలూరు తాడేపల్లిగూడెముల నడుమ జాతీయ రహదారిపై నున్న ఉంగుటూరు మండలములోను, దానికి దక్షిణమున కొల్లేటి పల్లెలలోను, తొలికాన్పు పుట్టింట జరుగుట నేటికిని వాడుక. ఆఱవ వారము పుట్టింటనే గడచును. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో బిడ్డతో అత్తవారింటికి ప్రయాణము. సాధనము కావలసివచ్చునది సరిగా ఆ సమయమున, పుట్టినూరి ఏ.ఎన్.ఎమ్.కు ఆమె కనుమరుగై, అత్తవారి యూరి ఆశా కార్యకర్తకు ఇంకను కంటబడని దినములవి. మొదటి సూది ఒక యూర, రెండవది మఱియొక యూర పడవలసినచో తేదీ వ్రాసిన కార్డును వెంట తీసికొనిపోవలెను.

మాత్ర సూక్ష్మమైనది, నియమము మాత్రము కఠినము. విరామ వారము లేదు. ప్రతిదినము ఒకే వేళకు మ్రింగవలెను. లెవొనార్‌జెస్ట్రెల్, నోరెథిస్టిరోన్ మాత్రలకు మూడు గంటలు, డెసొజెస్ట్రెల్‌కు పండ్రెండు గంటలు ఆలస్యమైనచో రెండు దినములు నిరోధ్ వంటి అదనపు రక్షణ అవసరము. క్షయకు వాడు రిఫాంపిసిన్, మూర్ఛకు వాడు ఫెనిటోయిన్ ఈ మాత్రల బలమును తగ్గించును. రొమ్ము క్యాన్సరు గలవారు ఈ వర్గపు సాధనముల జోలికి పోరాదు.

సూది ముఖ్య లోపము నెలసరి క్రమము చెడుట: మొదట అకాలమున మరకలు, పిదప పూర్తిగా ఆగుట. ఆగిన నెత్తురు కడుపులో పేరుకొనునను భయము నిరాధారము. గర్భాశయపు లోపలి పొర పెరుగనప్పుడు పేరుకొనుటకేమియు నుండదు. ఎముకల సాంద్రత కొంత తగ్గి, మానిన పిమ్మట కోలుకొనును. గర్భము నిలుచుటకు కడపటి సూది పిదప ఏడు మొదలు పది నెలలు పట్టవచ్చును గనుక, వెంటనే రెండవ బిడ్డను కోరువారికి ఇది తగదు.

ఈ సూదికి 1993లో భారతదేశమున విక్రయానుమతి లభించినను, ‘అంతర’ యను పేర ప్రభుత్వ కార్యక్రమమున ప్రవేశించుట 2017లో. జాప్యమునకు తెలుగునాట ఒక కథ కలదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నెట్-ఎన్ అను రెండు నెలల ప్రొజెస్టిన్ సూదిని పరీక్షించుచు, అది పరీక్షయని స్త్రీలకు తెలుపలేదని ఆక్షేపించి, స్త్రీశక్తి సంఘటన తదితరులు 1986లో సుప్రీంకోర్టు నాశ్రయించిరి. అడుగకయే పొడుచు పద్ధతితో వారికి తగవు. ఆ తగవు న్యాయమైనదే.

‘అంతర’తోపాటు వచ్చిన ‘ఛాయ’ మాత్రను దాని తోబుట్టువుగా భావించుట పొరపాటు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో రూపొందిన ఆ మాత్రలో ప్రొజెస్టిన్ లేదు, ఈస్ట్రోజెన్ లేదు. దానినియు పాలిచ్చు తల్లి వాడవచ్చును.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు డెబ్బదిమంది ట్యూబెక్టమీ చేయించుకొన్నవారే; తాత్కాలిక సాధనములన్నియు కలిసి నూటికి రెండైనను లేవు. ఇద్దరు బిడ్డల నడుమ ఎడము ఆపరేషనుతో వచ్చునది కాదు గనుక, ఆఱవ వారమున టీకాకై బిడ్డను తెచ్చిన తల్లికి ఈ సాధనముల గుణదోషములు రెండును చెప్పుట ఆరోగ్య కేంద్రముల విధి. అడిగి తెలిసికొనుట ఆమె హక్కు.