కొట్టంలో దిగులు తీరేది

వాన మొండికేసిన ఏడు మా నాయన రాత్రిళ్లు కొట్టంలో కూచుని, ఎద్దు గంగడోలు నిమురుతూ అప్పుల లెక్క దానికే చెప్పుకునేవాడు. ఆదోని పక్క పల్లెల్లో దాన్నెవరూ చికిత్స అనలేదు. ఏరువాక పున్నమికి ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి పరుగు తీయించేవాళ్లం. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు పశువుల సంత కూడేది.

పశువు తోడును చికిత్సగా చూసినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులో 1796లో మొదలైన యార్క్ రిట్రీట్‌ ఆశ్రయంలో మానసిక రోగుల నడుమ కుందేళ్లు, కోళ్లు తిరిగేవని శామ్యూల్ ట్యూక్ 1813లో రాశాడు. 1960లలో అమెరికా మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్ తన కుక్క జింగిల్స్‌ను పిల్లల చికిత్సకు తోడు తెచ్చుకున్నాడు.

ఎద్దుల చోటికి వచ్చిన ట్రాక్టరు దున్నుతుంది గానీ గోడు వినదు. రైతుకు మనోవైద్యుడూ కావాలి, కొట్టంలో ఒక పశువూ ఉండాలి.